ఎర్రమెట్టు కింది నీళ్లు

మా మేనత్త పోయింది.

కబురు తెచ్చినవాడు ముందు నీళ్లడిగాడు. వైశాఖం ఎండలు మండిపోతున్నాయి. పొద్దున మానుకోటలో మా ఇంటి ముందు ఖాళీ లారీ ఒకటి ఆగి, మా ఊరి మనిషి దిగాడు. పశువులకు గడ్డి కొనడానికి కేసముద్రం బయల్దేరిన ఆ లారీని మా చిన్నబాపు ఊరి బయట ఆపి, ముందు మానుకోట పోయి నాకు చెప్పమన్నాడట.

"జర నీళ్లియ్యక్కా" అన్నాడు. చెంబెడు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పాడు. "అత్తమ్మ పోయిందక్కా. ఎండకు జరమొచ్చి రెండొద్దులు పండుకున్నది. ఇయ్యాల ఎవలు వద్దన్నా ఇనకుంట లేసి తండల బోరింగు కాడికి పోయింది. బిందె వరుసల పెట్టి నిలవడ్డది. నిలవడ్డకాడనే కూలవడ్డది. లేపి నీడకు తెచ్చేటాల్లకే పానం పోయింది."

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వయసులో, జ్వరంతో, చేతిపంపు దగ్గరికి బిందె పట్టుకుని పోవడమేమిటి? ఎవరి మీద పంతం? ఎవరి కోసం? బస్సులో కూచుని తొర్రూరు దాకా ఆమెను తిడుతూనే ఉన్నాను. తొర్రూరులో బస్సు మారేటప్పుడు అలవాటుగా ఆమె కోసం జర్దా కొనబోయాను. దుకాణంవాడు పొట్లం కడుతుంటే గుర్తొచ్చింది. అక్కడే, బస్టాండులో, అందరూ చూస్తుండగా ఏడ్చాను.

ఆమె మా బాపుకు, బాపు తమ్ముడైన చిన్నబాపుకు అక్క. పాలకుర్తి దిక్కు ఇచ్చారు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. తనను ఎవరైనా 'పాపం' అంటే మండిపడేది. "పాపం గీపం అనకుండ్రి. నాకు పసుపు కుంకుమల భూమున్నది, రెండు కాళ్లున్నయి" అనేది. మా దిక్కు ఆడపిల్లకు పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఇచ్చే పొలాన్ని పసుపు కుంకుమల భూమి అంటారు. కాగితం ఉండదు, మాట ఉంటుంది. మా తాత ఆమెకిచ్చిన ముక్కలోనే మా పెద్దబావి ఉంది. నేల ఆమెది. నీళ్లు ఆమెవి, మా బాపువి, చిన్నబాపువి. ఇవి గాక ఇంకో వాటా ఉంది. అది గుట్ట పక్కనున్న లంబాడి తండాది. తండాకు అప్పట్లో వేరే బావి లేదు.

ఆ బావికి రాతిమెట్లు. అన్నీ నల్లరాళ్లు, లోతుకు దిగాక ఒక్కటి మాత్రం ఎర్రరాయి. తవ్వినప్పుడు రాయి చాలక తెచ్చి వేశారో, కావాలనే వేశారో నాకు తెలియదు. మా తాత పెట్టిన కట్టుబాటు మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు. ఎండాకాలంలో నీళ్లు ఎర్రమెట్టు దాకా దిగాయంటే మోటలు విప్పేయాలి. ఆ మెట్టు పైనున్న నీళ్లు పొలానివి, కిందున్నవి నోళ్లవి. మనుషుల నోళ్లు, గొడ్ల నోళ్లు, మా ఇంటివీ తండావీ. పొలం ఎండినా సరే, వాన పడేదాకా మళ్లీ మోట కట్టేది లేదు. తాత పోయాక ఆ కట్టుబాటుకు కావలి మా అత్తమ్మే.

తండా ఆడవాళ్లు మా బావిలోకి దిగడం మొదట్లో మా ఇంట్లో కొందరికి ఇష్టముండేది కాదు. వాళ్లు గట్టు మీద నిలబడితే మా వాళ్లెవరో తోడి పోయాలి. ఒకరోజు అత్తమ్మ చేద అక్కడ పడేసి, "పొద్దుందాక మీకు పోసుకుంట కూసుంట నాకేమన్న జీతమిస్తున్నరా? కాళ్లు లేవా? దిగి ముంచుకోండ్రి" అని కసిరిందట. అంతే, ఆ రోజు నుంచి వాళ్లు మెట్లు దిగారు. ఆమె తిట్టినట్టే ఉంటుంది, పని మాత్రం అయిపోతుంది. ఆ రోజు మొదట దిగిన సోమ్లి అనే పిల్ల ఆమెను 'యాడీ' అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మ అని. సోమ్లికి ఇప్పుడు మనవలున్నారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ అంతటా బడులు మూతపడ్డప్పుడు నేను జనగామలో చదువుకుంటున్నాను. ఊరికి వచ్చేసి, ఆ ఎండాకాలమంతా అత్తమ్మ కొంగు పట్టుకుని బావి దగ్గరే ఉన్నాను. చిన్నబాపు అప్పుడు వరంగల్‌లో కాలేజీ. ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిని, మోచెయ్యి వాచిపోయి ఇంటికొచ్చాడు. అత్తమ్మ ఆముదం రాసి, పసుపు పట్టు వేసి కట్టు కడుతుంటే ఆయన ఒకటే ఉపన్యాసం. "మా నౌకర్లు మాకు గావాలె, మా నీళ్లు మాకు గావాలె. ఎవల వాటా ఆల్లకియ్యాలె గదక్కా!" అంటూ చెయ్యి ఎత్తబోయాడు.

"వాటా అడుగుట్ల తప్పేమున్నది తమ్మీ. గట్టిగ అడుగు. చెయ్యి మాత్రం కదిలియ్యకు" అంది అత్తమ్మ, కట్టు బిగిస్తూ.

తమ్ముడంటే ఆమెకు ప్రాణం. పిల్లలు లేని మనిషి, ఆయన్ను ఎత్తుకుని పెంచింది. తర్వాత జరిగింది చదివి మీరు ఆయన్ను చెడ్డవాడనుకుంటారేమో. చెడ్డవాడు కాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇది రాయడం తేలికయ్యేది.

అత్తమ్మ ఇంట్లో నీళ్ల సంగతి ఏం చెప్పను! చుట్టాలొస్తే చెంబు నిండా ఇచ్చేది కాదు. "తాగు, మళ్ల పోస్త. సగం తాగి సగం పారబోసుడు నా ఇంట్ల నడువది" అనేది, వచ్చినవాడు పెద్ద మనిషైనా సరే. నేను మొహం కడుక్కోవాలంటే కరివేపాకు చెట్టు మొదట్లో నిలబడాలి. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, చేతులు కడిగిన నీళ్లు ఆనపతీగకు. "అత్తమ్మా, తానం గూడ చెట్టు కిందనే చెయ్యమంటవా?" అని ఒకసారి ఉడికించాను. "చెయ్యి బిడ్డా, నిన్ను జూడ ఎవలొచ్చిండ్రు" అంది, నవ్వకుండా.

ఒక్కచోట మాత్రం ఆమె చెయ్యి ధారాళం. బావి గట్టున మట్టి గోలెం ఒకటి నేలలో పాతిపెట్టి ఉండేది. పొద్దున లేవగానే మొదటి బిందె ఆ గోలెంలో. మా గొడ్లు, తండా మేకలు, దారిన పోయే ఎవరి ఎడ్లయినా సరే, అక్కడ మూతి పెట్టాల్సిందే. ఇంట్లోకి నీళ్లు ఆ తర్వాతే.

కొన్నేళ్లకు మా ఊరికి కరెంటు స్తంభాలొచ్చాయి. చిన్నబాపుకు చదువైంది, నౌకరీ రాలేదు. సేద్యంలో దిగి, మోటరు పెడతానన్నాడు. మా బాపు ఎవరికీ కాదనలేని మనిషి, సరేనన్నాడు. అత్తమ్మ కూడా వద్దనలేదు. ఎడ్ల మెడలకు పుండ్లు పడటం ఆమెకూ కష్టంగానే ఉండేది. "పెట్టు తమ్మీ. పైపు మాత్రం ఎర్రమెట్టు కాడ ఆగాలె" అంది.

తొర్రూరు నుంచి వచ్చిన మోటరు మెకానిక్ నవ్వాడు. "ఎంత లోతుకు దించితె అంత ఫాయిదా గదమ్మా!"

"ఫాయిదా ఎవలకు?" అని ఆమె మెట్ల మీద కూచుంది. ఆమె కళ్ల ముందే పైపును రంపంతో కోసి, ఎర్రమెట్టుకు సరిగ్గా బిగించారు. అప్పుడు లేచి కొంగు దులుపుకుని ఇంటికి పోయి, అందరికీ చాయ్ పెట్టింది. పైపు అక్కడ ఆగడంతో ఎవరూ ఎవరినీ ఆపాల్సిన పని లేకపోయింది. నీళ్లు ఎర్రమెట్టు దాటి దిగగానే పైపు గాలి పీల్చి గురగుర మొదలుపెట్టేది. ఆ చప్పుడు పొలమంతా వినిపించేది. "బంజెయ్యి తమ్మీ, బాయి సాలంటున్నది" అని గట్టు మీది నుంచి అత్తమ్మ కేకేసేది. ఆ కేక నా చెవుల్లో ఇంకా ఉంది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చిన్నబాపు మిరపతోట పూత మీద ఉంది. ఒకనాడు పొద్దున్నే సోమ్లి ఖాళీ బిందెతో మెట్లెక్కి వచ్చి, "యాడీ, అడుగున బురదే ఉన్నది" అంది. అత్తమ్మ దిగి చూసింది. పైపుకు కింద ఇంకో ముక్క అతికి ఉంది.

నేను అప్పుడు సెలవులకు అక్కడే ఉన్నాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చిన్నబాపు తలొంచుకుని నిలబడితే దగ్గరికి పోయి, అప్పట్లో దెబ్బ తిన్న మోచెయ్యి పట్టుకుంది. "అరవై తొమ్మిదిల మా వాటా మాకని గీ చెయ్యి ఇరగ్గొట్టించుకున్నవు గద. తండ వాటా ఎవలది తమ్మీ?"

చిన్నబాపు దిగి ఆ ముక్కను తనే ఊడదీశాడు. ఆ ఏడు మిరపతోట ఎండిపోయింది. అత్తమ్మ తోట గట్టు మీద కూచుని ఏడ్చింది. తమ్ముడికి నష్టం వచ్చినందుకు ఏడ్చింది, కానీ పైపు విషయంలో మాత్రం మెత్తబడలేదు. రెండూ ఆమెలోనే ఉండేవి, ఆ రెండింటి మధ్య ఆమె ఎంత నలిగిందో మాకప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు బోరు బండి వచ్చింది. ఈసారి చిన్నబాపు బావి జోలికి రాలేదు. "నా వాటా పొలంల నేనేసుకుంటున్ననక్కా. నీ బాయిని ముట్టలే, నీ పైపును ముట్టలే" అన్నాడు. ఏమంటుంది? కట్టుబాటు బావికి ఉంది గానీ, నేల లోపలికి లేదు కదా. మా తాతకు అంత లోతు సంగతి తోచి ఉండదు.

నేల అదిరింది. తెల్లని రాతిపొడి పొలమంతా కమ్ముకుంది. ఉన్నట్టుండి నీళ్లు తాటిచెట్టంత ఎత్తున ఎగజిమ్మాయి. జనం ఈలలు వేశారు, కొబ్బరికాయలు కొట్టారు. చిన్నబాపు తడిసిపోయి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. అత్తమ్మ కూడా అక్కడే ఉంది. దోసిలి పట్టి, నోట్లో పోసుకుని, కాసేపు పుక్కిట పట్టి మింగింది.

"బాయి నీళ్లే" అంది.

నా పక్కన నిలబడి అంది కాబట్టి నాకు వినిపించింది. ఆ గోలలో ఇంకెవరికీ వినపడలేదు. విన్నా ఏమవుతుంది? ఆ బోరు చూసి ఇంకొకరు వేశారు, వాళ్లను చూసి మరొకరు. వేసినవాళ్లను తప్పుపట్టగలమా? అందరికీ పిల్లలున్నారు, అందరికీ పంట కావాలి. బోరు వేయలేనివాళ్లు మాత్రం చూస్తూ నిలబడ్డారు. గుట్ట మీది చెట్లు కూడా ఒక్కొక్కటే కట్టెలకింద పోయాయి. "ఎండకు అడ్డముండేటియి గవే బిడ్డా. గవి పోయినంక ఎండ తిన్నగ ఇంట్లకొచ్చింది" అనేది అత్తమ్మ. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయని ఆమె అంటుంటే, ముసలితనం కదా, అలాగే అనిపిస్తుంది అనుకునేవాళ్లం. ఇప్పుడు మాకూ అలాగే అనిపిస్తోంది, మేమింకా ముసలివాళ్లం కాలేదు.

కొన్ని ఎండాకాలాలకు పెద్దబావిలో ఎర్రమెట్టు పూర్తిగా బయటపడింది. తర్వాత దాని కింది మెట్లు. తర్వాత అడుగు. మోటరు గురగురమనడం కూడా మానేసింది. సోమ్లి కొడుకులు భూపాలపల్లి దిక్కు బొగ్గు గనుల పనులకు వలసపోయారు. తండాలో చాలా ఇళ్లకు అలాగే తాళాలు పడ్డాయి. "నీళ్లబాయి ఎండె, పోరగాండ్లు బొగ్గుబాయికి పోయిరి యాడీ" అని సోమ్లి వచ్చి చెప్పిన రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు.

తండాలో మిగిలినవాళ్ల కోసం సర్కారు ఒక చేతిపంపు వేసింది. మా వాళ్లు దాన్నే బోరింగు అంటారు. ఇటు మా ఇంట్లో చిన్నబాపు తన బోరు నుంచి పైపు లాగి నల్లా పెట్టించాడు. విచిత్రమేమిటంటే, అత్తమ్మ ఆ నల్లా విప్పలేదు. తన రాగి బిందె తీసుకుని తండాకు నడవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు వాళ్లు మా బావికి వచ్చినట్టే.

చిన్నబాపు బతిమాలాడు, అరిచాడు, చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇంట్ల నల్ల ఉండంగ గిదేందక్కా? ఊరంత నా మొకాన ఉమ్ముతున్నది. నా మీద కోపముంటె కొట్టు."

"నీ మీద కోపమెందుకు తమ్మీ. నిన్ను ఎత్తుకోని తిరిగిన చేతులియి" అంది ఆమె. "ఆడ వరుసున్నది. వరుసున్నకాడ నీళ్లు కొన్నొద్దులన్న ఉంటయి."

పోయిన చలికాలం నేను వెళ్లినప్పుడు ఆమె వెంట బోరింగు దగ్గరికి నడిచాను. బిందెలు, కుండలు, డబ్బాలు వరుసగా నేల మీద ఉన్నాయి. మనుషులు పక్కన నీడలో కూచుంటారు, వరుసలో నిలబడేవి బిందెలే. ఒకరికి ఒక బిందె. ఇంకొకటి కావాలంటే మళ్లీ చివరికి పోవాలి. ఒకటి నిండగానే వెనకవాళ్లు తమ బిందెను ముందుకు జరుపుతారు. అత్తమ్మ మాత్రం నీడకు పోదు, బిందె పక్కనే నిలబడుతుంది. అదేం పట్టుదలో! సోమ్లి ఆమె బిందెను తీసి అందరికంటే ముందు పెట్టబోయింది.

"వద్దు. ముసలిదాన్నని ముందల పెడితె రేపు ఇంకొకతి ఇంకో సాకుతోటి వస్తది. నా వంతు నాకు సాలు" అని అత్తమ్మ దాన్ని వెనక్కి తెచ్చుకుంది. బిందె నిండాక ఇంటికి రాలేదు, ముందు ఎండిపోయిన బావి గట్టుకు పోయి గోలెంలో పోసింది. తర్వాత మళ్లీ వరుస చివరికి. నాకు విసుగొచ్చింది. "ఎన్నొద్దులు గిట్ల అత్తమ్మా? బాయి మళ్ల నిండుతదా?" అని అడిగేశాను.

ఆమె బావిలోకి వంగి చూసింది. "నేనైతె సూడ. ఎవలన్న సూడాలెనంటె, కట్టుబాటు గుర్తున్నోల్లు ఒక్కరన్న మిగలాలె గద బిడ్డా" అంది. అదే ఆమె నాతో మాట్లాడిన చివరి పెద్ద మాట. ఆ తర్వాత నేను వెళ్లలేదు. బడి, పిల్లలు, పరీక్షలు.

నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తమ్మను వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టారు. దీపం వెలుగుతోంది. కానీ అందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. స్నానం ఇంకా కాలేదు. ఇంట్లో నీళ్లు లేవు. చిన్నబాపు బోరు ఆ నెలలోనే ఎండిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఊళ్లో మొదట వేసిన బోరు, మొదట ఎండింది. ఆయన రెండు బకెట్లు పట్టుకుని తండాకు పోయాడన్నారు. నేనూ పోయాను.

చిన్నబాపు వరుస చివర నిలబడి ఉన్నాడు. జుట్టు చెదిరి, కాళ్లకు చెప్పులు లేకుండా. ముందుకు పోయి అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. నన్ను చూసి, "నా అక్కకు తానానికి నీళ్లు లేవు బిడ్డా" అని నేల మీద కూచున్నాడు. నేనాయన పక్కన కూచుని, భుజం మీద చెయ్యి వేశాను.

సోమ్లి మా ఇద్దరినీ చూసింది. అత్తమ్మ రాగి బిందె ఇంకా వరుసలోనే ఉంది. పొద్దున ఆమెను మోసుకుపోయినప్పుడు దాన్ని ఎవరూ తీయలేదు. సోమ్లి లేచి ఆ బిందెను ఎత్తి అందరికంటే ముందు, పంపు మూతి కింద పెట్టింది.

"యాడీ గిన్నొద్దులు ముందలికి రమ్మంటె రాలే. ఇయ్యాల మేమే తెస్తున్నం" అంది.

రాగి బిందె నిండాక తండా ఆడవాళ్లు ఇళ్లల్లోకి పోయి, పొద్దున పట్టుకుని దాచుకున్న బిందెలతో బయటికొచ్చారు. ఆ ఎండలో, ఒకరి వెనక ఒకరు, మా ఇంటి దాకా మోసుకొచ్చారు. నీళ్ల దగ్గర అంత పిసినారితనం చూపిన మా అత్తమ్మకు నిండుగా స్నానం చేయించాం. ఒంటి మీది నుంచి జారిన నీళ్లు వాకిలి దాటి కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయాయి. నేనే గాడి చేశాను. లేకుంటే ఆమె ఊరుకునేది కాదు.

పదో రోజు కర్మ అయ్యాక మర్నాడు పొద్దున బస్సుకు బయల్దేరి, తండా మీదుగా నడిచాను. బోరింగు దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి. చిన్నబాపు తన బకెటుతో చివరన నిలబడ్డాడు. వరుస మధ్యలో ఎండకు మెరుస్తూ మా అత్తమ్మ రాగి బిందె. పక్కన ఎవరూ లేరు.

"గదెవలు పెట్టిండ్రు సోమ్లీ?" అని అడిగాను.

"మేమే. గోలెంకు" అంది సోమ్లి. "యాడీ పోయిందని గొడ్లకు తెల్వది గద."

పంపు కింద ఒక బిందె నిండింది. వెనకవాళ్లు తమ బిందెల్ని తలా ఒకింత ముందుకు జరిపారు. సోమ్లి వంగి, ముందు అత్తమ్మ బిందెను జరిపి, తర్వాత తనది జరుపుకుంది.